విసురుగాలిలో ఇంటి గాలిమరను నిలకడగా ఉంచడం ఎలా?

సాఫీగా వీచే గాలిలో ఎవరు చేసిన గాలిమర అయినా బాగానే తిరుగుతుంది. దాని అసలు సంగతి తేలేది గాలి తిక్కగా వీచిన రోజునే. ఒకసారి ఇటు నుంచి కొడుతుంది, మరుక్షణం అటు నుంచి తోస్తుంది. యంత్రాన్ని గాలికి ఎదురుగా తిప్పే వెనక తోక కొట్టుకులాడుతుంది, స్తంభం అదురుతుంది, ఆంపియర్ మీటరు ముల్లు గంతులేస్తుంది. అప్పుడు చాలామంది ముందుగా తోక మీద పడతారు. రేకు పెద్దది చేస్తారు, స్ప్రింగులు కడతారు. నన్నడిగితే తోక పని చివర్లో పెట్టుకోవాలి. ముందు గాలి, తర్వాత స్తంభం, తర్వాత రెక్కల తూకం. అవి సరిగ్గా కుదిరితే తోకతో పెద్దగా కుస్తీ పట్టక్కర్లేదు.

ఇక్కడ చెప్పేదంతా 1 నుంచి 3 మీటర్ల వ్యాసంతో, మూడు రెక్కలు, పర్మనెంట్ మాగ్నెట్ ఆల్టర్నేటర్ (అయస్కాంతాలు తిరిగి కరెంటు పుట్టించే యంత్రం), వెనక తోక ఉన్న గాలిమరల గురించి. లెక్క వేయాల్సి వచ్చిన చోట 2.4 మీటర్ల వ్యాసంతో, నిమిషానికి 400 చుట్లు తిరిగే యంత్రాన్ని తీసుకున్నాను. మీది చిన్నదో పెద్దదో అయితే అంకెలు మారతాయి, పద్ధతి అదే.

అసలు విరగ్గొట్టేది ఏది?

గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి 8 రెట్లవుతుంది, రెక్కల మీద పడే తోపు 4 రెట్లవుతుంది. ఇది అందరూ చెప్పేదే. యంత్రాన్ని లోలోపల గుల్ల చేసేది మాత్రం ఇంకోటి ఉంది.

వేగంగా తిరుగుతున్న చక్రాన్ని పక్కకు తిప్పబోతే అది మాట వినదు. మీరు ఎడమకో కుడికో తిప్పితే అది పైకో కిందికో ఒరగబోతుంది. సైకిల్ చక్రాన్ని ఇరుసు దగ్గర రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూసినవాళ్లకు ఈ బలం తెలిసే ఉంటుంది. గాలి దిశ మారినప్పుడల్లా తోక మీ గాలిమరకు చేసేది ఇదే. 2.4 మీటర్ల యంత్రంలో రెక్కలు, మాగ్నెట్ డిస్కులు కలిపి జడత్వ భ్రామకం, అంటే తిరిగే వేగం మారకుండా మొరాయించే గుణం, 2 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ అనుకుందాం. సెకనుకు 60 డిగ్రీల చొప్పున పక్కకు తిరిగితే ఇరుసు మీద సుమారు 90 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. అదే యంత్రం ఒక్క సెకనులో వెనక్కి తిరిగిపోతే, అంటే 180 డిగ్రీలు తిరిగితే, అది 260 దాటుతుంది. మీటరు కడ్డీ చివర 26 కిలోల బరువు వేలాడదీసినంత అన్నమాట. పైగా ఈ మెలి ఒకేవైపు ఉండిపోదు. ప్రతి రెక్క మొదలూ చుట్టుకోసారి ముందుకూ వెనక్కూ వంగుతుంది. చాలా రెక్కలు మొదట్లోనే పగుళ్లివ్వడానికి కారణం ఇదే.

కాబట్టి నిలకడ అంటే గాలి ఎటు మళ్లితే అటు టక్కున తిరగడం కాదు. నింపాదిగా తిరగడం. ఇకపై చేసే ప్రతి పనిలోనూ ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రెండు రెక్కల గాలిమర చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. రెండు రెక్కలూ నిలువుగా ఉన్నప్పుడు యంత్రం పక్కకు తేలిగ్గా తిరుగుతుంది, అడ్డంగా వచ్చినప్పుడు మొరాయిస్తుంది. అంటే ప్రతి చుట్టులో రెండు కుదుపులు. అమెరికాలో పొలాలకు గాలిమరలు తయారుచేసిన మార్సెలస్ జేకబ్స్ 1920ల్లోనే ఈ కుదుపు గమనించి మూడు రెక్కలకు మారాడు. మూడు రెక్కలైతే ఏ కోణంలో ఉన్నా తిప్పడానికి ఒకే బలం చాలు. ఖర్చు కలిసొస్తుందని రెండు రెక్కలకు పోకండి.

మొదటి పని: గాలిని కళ్లారా చూడండి

స్తంభం పాతకముందే, గాలి ఓ మోస్తరుగా వీచే రోజున ఒక గాలిపటం ఎగరేయండి. దారానికి రెండేసి మీటర్ల ఎడంతో సన్నటి పొడవాటి రిబ్బన్లు కట్టండి. కింది రిబ్బన్లు పామల్లే మెలికలు తిరుగుతూ ఒక్కోసారి వెనక్కి కూడా మళ్లుతుంటాయి. పైకి పోయేకొద్దీ ఒక ఎత్తు దాటాక రిబ్బన్లు తిన్నగా చాచుకుని ఒకే దిశ చూపిస్తాయి. మీ రెక్కల కింది అంచు ఆ ఎత్తుకు పైన ఉండాలి. గాలి ఎక్కువగా వచ్చే ప్రతి దిశలోనూ ఒక రోజు ఇలా చూస్తే మంచిది. కరెంటు తీగల దగ్గర మాత్రం గాలిపటం జోలికి పోకండి.

గాలిపటం ఎగరేసే వీలు లేకపోతే లెక్క ఉంది. చెట్టు గానీ ఇల్లు గానీ H ఎత్తు ఉంటే, దాని వెనక గాలి పోయే వైపు 20H దూరం దాకా, ముందువైపు 2H దాకా, పైకి 2H ఎత్తు దాకా గాలి చెదిరి ఉంటుంది. 5 మీటర్ల ఇంటి వెనక 100 మీటర్ల దాకా సుళ్లే. అందుకే 150 మీటర్ల లోపల ఉన్న అన్నిటికంటే ఎత్తైన దానికి 10 మీటర్లు పైన రెక్కల కింది అంచు ఉండాలని చెబుతుంటారు. చెట్లు పెరుగుతాయి, అది కూడా కలుపుకోండి. డాబా మీద పెట్టాలనే ఆలోచన ఉంటే మానేయండి. అక్కడ సుళ్లు ఎక్కువ, పైగా అదురంతా గోడల్లోంచి ఇంట్లోకి దిగుతుంది.

అంకె కావాలనుకునేవాళ్లు కప్పుల అనిమోమీటరు ఒకటి కర్రకు కట్టి పది నిమిషాల రీడింగులు తీసుకోండి. సగటు వేగం, ప్రామాణిక విచలనం (రీడింగులు సగటుకు ఎంత అటూ ఇటూ ఉన్నాయో చెప్పే అంకె) లెక్కకట్టి రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. సగటు 6, విచలనం 1.2 వస్తే అల్లకల్లోలం 20 శాతం. చిన్న గాలిమరల ప్రమాణం ఐఈసీ 61400-2 సెకనుకు 15 మీటర్ల గాలి దగ్గర 18 శాతం లెక్కన డిజైన్ చేయమంటుంది. గాలి తక్కువగా ఉన్నప్పుడు ఈ శాతం సహజంగానే పెరుగుతుంది కాబట్టి 20 చూసి బెంబేలెత్తకండి. మంచి గాలిలో కూడా 25, 30 వస్తుంటే మాత్రం అది గాలిమరకు పనికొచ్చే చోటు కాదు. స్తంభం ఎత్తు పెంచండి, లేదా చోటు మార్చండి. రెండూ కుదరకపోతే రెక్కల వ్యాసం తగ్గించండి. ఇలాంటి చోట పెద్ద యంత్రం ఎక్కువ కరెంటు ఇవ్వదు, ఎక్కువ రిపేర్లు ఇస్తుంది.

స్తంభం నిటారుగా, స్టే వైర్లు బిగువుగా

గాలిమర కూర్చునే పైపు ఒక్క డిగ్రీ ఒరిగినా తల బరువుకు యంత్రం పల్లం వైపు జారుతుంది. తక్కువ గాలిలో ఎప్పుడూ ఒకే దిక్కుకు మొహం పెడుతుంటే తోకను అనుమానించకముందు తాపీ పనివాళ్లు వాడే గుండు దారంతో స్తంభాన్ని రెండు వైపుల నుంచీ చూడండి. రెండు చూపులూ ఒకదానికొకటి అడ్డంగా ఉండాలి.

స్తంభాన్ని నేలకు లాగిపట్టే స్టే వైర్లు నాలుగు వైపులా ఉండాలి. నేలలో గుంజ దూరం స్తంభం ఎత్తులో సగానికి తగ్గకూడదు. పై వరస వైర్లు కట్టే చోటు రెక్కల కొనలు తిరిగే చోటుకు కిందే ఉండాలి, లేదంటే వంగిన రెక్క వైరుకు తగులుతుంది. వైరు చివర యూ క్లాంపులు బిగించేటప్పుడు యూ బోల్టు తెగిన కొస వైపు, మందపాటి జీను భాగం బరువు మోసే వైరు వైపు రావాలి. తిరగేసి బిగిస్తే అసలు వైరే నలిగిపోతుంది. ఒక్కో చివరకు మూడు క్లాంపులకు తగ్గించకండి. వైరు బిగువు సర్దే మరచుట్ల బిగింపును టర్న్‌బకిల్ అంటారు. అది బిగించాక దాని కన్నాల్లోంచి ఒక సన్నటి తీగ దూర్చి మెలిపెట్టండి. అదురుకు టర్న్‌బకిల్ తనంతట తానే విప్పుకోవడం చాలా మామూలు.

వదులుగా ఉన్న వైరు విసురు వచ్చినప్పుడు ఒక్కసారి లాగినట్టు బిగుస్తుంది, ఆ ఝటకా అంతా పైన బేరింగుకు పోతుంది. మరీ బిగిస్తే స్తంభం నలుగుతుంది. గాలి లేనప్పుడు ఎదురెదురు వైర్లు ఒకేలా బిగువుగా ఉండి, చేత్తో ఊపితే కొద్దిగా ఊగి ఆగాలి.

యంత్రం ఎక్కాక అదురు వస్తే అది ఏ రకమో ముందు తేల్చుకోండి. వేగం పెరిగేకొద్దీ అదురూ పెరుగుతూ పోతుంటే రెక్కల తూకం తప్పింది. ఒకే ఒక్క వేగం దగ్గర స్తంభం వణికి, అంతకు పైనా కిందా ప్రశాంతంగా ఉంటే అది అనునాదం. స్తంభం సహజంగా ఊగే వేగమూ రెక్కలు తిరిగే వేగమూ కలిశాయన్నమాట. స్టే వైర్ల బిగువు మార్చినా, మధ్యలో ఇంకో వరస వైర్లు కట్టినా ఆ వేగం జరిగిపోతుంది. నిమిషానికి 400 చుట్లంటే సెకనుకు సుమారు 7 కుదుపులు. మూడు రెక్కలు స్తంభం ముందు నుంచి పోయే లెక్క చూస్తే సెకనుకు 20. ఈ రెండు అంకెలకూ స్తంభం దూరంగా ఉండాలి.

రెక్కల తూకం: తొందరపడకూడని చోటు

ఒక రెక్క కొన దగ్గర, ఇరుసు నుంచి 1.1 మీటర్ల దూరంలో, 20 గ్రాములు ఎక్కువుందనుకోండి. 400 చుట్ల వేగంలో అది దాదాపు 39 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 4 కిలోల బరువుతో, సెకనుకు 7 సార్లు స్తంభాన్ని చుట్టూ లాగుతుంది. 20 గ్రాములంటే వార్నిష్ రెండు పూతలు వేస్తే వచ్చే తేడా. అందుకే ఈ పనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి.

మొదట ఒక్కో రెక్కను విడిగా తూచండి. మూడింటి బరువూ సమానమైనా సరిపోదు, బరువు ఎక్కడుందో కూడా సమానం కావాలి. అంచున్న చెక్కముక్క మీద రెక్కను అడ్డంగా పెట్టి ఏ చోట సమతూకంగా నిలుస్తుందో గుర్తుపెట్టండి. ఆ గుర్తు మూడింటికీ మొదలు నుంచి ఒకే దూరంలో రావాలి. బరువుగా ఉన్నదాన్ని కొన వైపు కొద్దిగా చెక్కితే త్వరగా దారికొస్తుంది, కానీ ముందు అంచు ఆకారం చెడకూడదు.

తర్వాత రెక్కలను వాటి మొదళ్లు కూర్చునే హబ్‌కు బిగించి ఒక కొన నుంచి మరో కొనకు టేపుతో కొలవండి. మూడు కొలతలూ 5 మిల్లీమీటర్ల లోపు తేడాతో ఉండాలి. ఇక రెక్కలన్నీ ఒకే తలంలో తిరుగుతున్నాయో లేదో చూడాలి. కొన పక్కన ఒక కర్ర నిలబెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ప్రతి కొనకూ కర్రకూ మధ్య ఎడం కొలవండి. ఇక్కడ కూడా 5 మిల్లీమీటర్లు దాటితే హబ్ దగ్గర పలుచటి రేకు ముక్క పెట్టి సర్దండి.

చాలామంది వదిలేసేది రెక్క కోణం. ఒక రెక్క మిగతావాటికంటే ఒక డిగ్రీ ఎక్కువ మెలి తిరిగి ఉంటే, తూకంలో గ్రాము తేడా లేకపోయినా గాలిలో యంత్రం ఊగుతుంది. ఎందుకంటే ఆ రెక్కను గాలి తోసే బలమే వేరు. దీన్ని ఏ సీసం ముక్కా సరిచేయదు. ఒకే చెక్క గేజీ చేసుకుని మొదట్లో, మధ్యలో, కొన దగ్గర మూడు చోట్లా అన్ని రెక్కలకూ పెట్టి చూడండి. అర డిగ్రీ కంటే తేడా ఉండనివ్వకండి.

చివరగా మొత్తం రోటరును, అంటే హబ్‌తో సహా తిరిగే రెక్కల చక్రాన్ని, నిలువుగా నిలబెట్టాలి. స్టేటర్ (ఆల్టర్నేటర్‌లో కదలకుండా ఉండే తీగచుట్టల భాగం) తీసేసి గానీ, దాని తీగలు ఒకదానికొకటి తగలకుండా విడిగా పెట్టి గానీ చేయండి, లేకపోతే మాగ్నెట్లు పట్టినట్టుండి సరైన ఫలితం రాదు. బేరింగు సీలు గట్టిగా ఉంటే కాసేపటికి తీసేసి పలుచటి నూనె వేయండి. గది తలుపులు మూసి, ఫ్యాను ఆపి, రోటరును వేర్వేరు చోట్ల వదిలి చూడండి. ఎప్పుడూ ఒకే వైపు కిందికి వచ్చి ఆగుతుంటే అది బరువు వైపు. దానికి ఎదురుగా, హబ్ దగ్గర్లో సీసం పట్టీ పెట్టి బోల్టుతో బిగించండి. ఎక్కడ వదిలితే అక్కడ నిలబడితే పని అయినట్టే. సీసాన్ని కొన దగ్గర టేపుతో అంటించే పని మాత్రం వద్దు, ఎగిరొచ్చి ఎవరికైనా తగిలితే ప్రాణాంతకం.

చెక్క రెక్కలకు ప్రతి వానాకాలం తర్వాత ఈ చివరి పరీక్ష మళ్లీ చేయాలి. రంగు లేచిన చోట నీళ్లు పీల్చుకున్న రెక్క బరువెక్కుతుంది.

ఇప్పుడు తోక

తోకకు రెండు పనులు. మామూలు గాలిలో యంత్రాన్ని గాలికి ఎదురుగా పట్టుకోవడం ఒకటి. గాలి మరీ ఎక్కువైతే పక్కకు తప్పుకోనివ్వడం రెండోది. ఇంటి గాలిమరలు చేసేవాళ్లలో బాగా వాడుకలో ఉన్న ఏర్పాటును స్కాట్లాండ్‌లోని స్కోరైగ్‌లో ఉండే హ్యూ పిగ్గట్ ప్రచారంలోకి తెచ్చాడు. రోటరు మధ్య భాగం స్తంభం నడిమికి సూటిగా కాకుండా కాస్త పక్కకు ఉంటుంది. తోక మడతబందు నిలువుకు సుమారు 20 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. విసురు వచ్చినప్పుడు రోటరు పక్కకు తోసుకుంటుంది, తోక మడుచుకుంటూ పైకి లేస్తుంది. గాలి తగ్గగానే తన బరువుకు తానే కిందికి దిగుతుంది. స్ప్రింగు అక్కర్లేదు, ఉంటే తుప్పు పట్టడం, సాగిపోవడం తప్ప లాభం లేదు.

ఆ పక్క దూరం వ్యాసంలో 4, 5 శాతం ఉంటే చాలు. 2.4 మీటర్లకు 100 నుంచి 120 మిల్లీమీటర్లు. సెకనుకు 10 నుంచి 12 మీటర్ల గాలి దగ్గర మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాలి. మొదట తేలికైన రేకుతో మొదలుపెట్టండి. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూస్తూ కరెంటు స్టేటర్ తట్టుకునేదానికంటే చాలా తక్కువ దగ్గరే ఆగిపోతుంటే తోక చివర కొద్దిగా బరువు కలపండి. బరువు పెరిగితే ఆలస్యంగా మడుచుకుంటుంది. గాలి చెదిరే చోట పెట్టినవాళ్లు ముందుగానే మడుచుకునేలా ఉంచుకోవడం మేలు. ఏడాదిలో కొద్దిపాటి కరెంటు పోతుంది, రెక్కలు మిగులుతాయి.

అటూ ఇటూ ఊగిసలాడే తోకకు అందరూ చేసే వైద్యం రేకు పెద్దది చేయడం. అది తప్పు మందు. యంత్రాన్ని గాలికేసి తిప్పే బలం రేకు వైశాల్యాన్నీ కడ్డీ పొడవునూ గుణిస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుంది. ఊగుడును ఆపే గుణం మాత్రం పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రేకు పెంచితే యంత్రం మరింత టక్కున తిరుగుతుంది, అంటే ఇందాక చెప్పిన మెలి ఇంకా పెరుగుతుంది. కడ్డీ పొడవు పెంచి రేకు అదే ఉంచితే, లేదా కాస్త తగ్గిస్తే, అదే తిప్పే బలానికి ఊగుడు త్వరగా చల్లారుతుంది. స్తంభం నడిమి నుంచి రేకు మధ్యకు దూరం కనీసం రోటరు వ్యాసార్ధమంత ఉండాలి. రేకు వైశాల్యం రెక్కలు తిరిగే వలయంలో 5 శాతం దగ్గర మొదలుపెట్టండి, 10 దాటించకండి. ఆకారం పొడుగ్గా కాకుండా నిలువుగా ఎత్తుగా ఉంటే చిన్న గాలికి కూడా పలుకుతుంది.

తోక రెండు చివరలా ఆగే చోట్లు వెల్డ్ చేయాలి. పూర్తిగా మడుచుకున్నప్పుడు రెక్కలకు తగలకుండా ఒకటి, తిరిగి దిగినప్పుడు ఆగడానికి ఒకటి. రెండింటికీ మందపాటి రబ్బరు ముక్కలు పెట్టండి. విసురుగాలిలో తోక పదే పదే లేచి పడుతుంటుంది, ఇనుముకు ఇనుము తగిలితే కీలు దగ్గర వెల్డింగు కొన్నాళ్లకే పగులుతుంది.

ఇక స్తంభం మీద యంత్రం తిరిగే చోటు. ఇక్కడ బాల్ బేరింగు పెట్టి నూనె పోసి తేలిగ్గా తిరిగేలా చేయాలని ఉబలాటపడకండి. పైపు మీద పైపు, మధ్యలో గ్రీజు, పైన నైలాన్ వాషరు ఉంటే చాలు. కొద్దిపాటి రాపిడి మనకు కావాలి. పరీక్ష ఇలా: తోక చివర ఒక వేలితో తోయండి. యంత్రం కదలాలి. వేలు తీయగానే ఆగిపోవాలి. తీశాక కూడా పోతూనే ఉంటే గ్రీజు చిక్కటిది పెట్టండి లేదా వాషరు వెడల్పు పెంచండి. వేలికి కదలకపోతే చిన్న గాలికి మొహం తిప్పదు.

లోడ్ ఎప్పుడూ తెగకూడదు

లోడ్ అంటే గాలిమర ఇచ్చే కరెంటును తీసుకునేది. గాలిమరకు అసలు పగ్గం అది నింపే బ్యాటరీయే. తీగ తెగినా, ఫ్యూజు పోయినా రెక్కలకు ఏ అడ్డూ ఉండదు. విసురు వచ్చిందంటే వేగం రెట్టింపైపోతుంది. అందుకే బ్యాటరీ నిండాక లోడ్ తీసేసే సోలార్ కంట్రోలర్ వాడకూడదు. నిండిన తర్వాత కరెంటును హీటర్ తీగలాంటి డంప్ లోడ్‌కు మళ్లించే కంట్రోలర్ కావాలి. ఆ లోడ్ గాలిమర ఇచ్చే అత్యధిక కరెంటుకంటే పాతిక శాతం ఎక్కువ మింగగలగాలి. ఫ్యూజు బ్యాటరీ దగ్గర తప్పనిసరి, అయితే మామూలు విసుర్లకు అది పోకూడదు. అందుకని గాలిమర అత్యధిక కరెంటుకంటే బాగా పెద్దది పెట్టి, తీగలు దానికంటే లావువి వేయండి.

ఆల్టర్నేటర్ నుంచి వచ్చే మూడు ఫేజుల తీగలనూ ఒకదానికొకటి కలిపేసే బ్రేకు స్విచ్చి ఒకటి కింద పెట్టండి. షార్ట్ అయిన ఆల్టర్నేటర్ రెక్కలను పట్టుకుని ఆపేస్తుంది. దీన్ని రెండు విసుర్ల మధ్య గాలి తగ్గినప్పుడు వేయాలి. పూర్తి వేగంలో వేస్తే ఆగకపోవచ్చు, స్టేటర్ మాత్రం కాలిపోతుంది. తుఫాను సూచన ఉంటే ముందే బ్రేకు వేసేయడం అన్నిటికంటే తెలివైన పని.

స్తంభం లోపల వేలాడే తీగను కింద ప్లగ్గుతో ముగించండి. యంత్రం ఒకే వైపు చుట్లు తిరిగి తీగ మెలిపడితే, బ్రేకు వేసి ప్లగ్గు తీసి విప్పుకోవచ్చు. అయితే ప్లగ్గు తీస్తే పైన లోడూ ఉండదు, బ్రేకూ ఉండదు. గాలి లేనప్పుడే తీయండి.

ఎత్తాక చూడాల్సినవి

మొదటి రోజు తేలికపాటి గాలిలోనే ఎత్తండి. రెక్కలు తిరిగే తలానికి సూటిగా కింద ఎవరూ నిలబడకూడదు, రెక్క విరిగితే ఎగిరేది అటే. ఫోనును పక్కన నిలబెట్టి, మీరు తప్పుకుని, స్లో మోషన్‌లో వీడియో తీయండి. సెకనుకు 240 ఫ్రేములైతే 400 చుట్ల వేగంలో ఒక్కో చుట్టుకు 36 చిత్రాలు వస్తాయి. కొనలు ఒకే గీత మీద పోతున్నాయా, రెండు గీతలు కనిపిస్తున్నాయా అన్నది ఇందులో తేలిపోతుంది. తోక ఒక విసురు తర్వాత ఎన్ని ఊపుల్లో నిలిచిందో కూడా లెక్కపెట్టండి. ఒకటి, రెండు ఊపులైతే బాగున్నట్టు. అంతకు మించితే కడ్డీ పొడవు, రాపిడి మళ్లీ చూసుకోండి.

చెవి కూడా పెట్టండి. బరువుగా గుర్రుమని వస్తే లోడ్ ఎక్కువై రెక్కలు స్టాల్ అవుతున్నాయి, అంటే వేగం చాలక గాలి రెక్కను అంటిపెట్టుకోకుండా చెదిరిపోతోంది. విసురుకోసారి టంగుమని వస్తే తోక ఆగే చోట రబ్బరు పోయింది. చుట్టుకోసారి ఫట్‌మని వినిపిస్తే ఒక రెక్క కోణం తేడాగా ఉంది.

నట్లన్నీ నైలాన్ లాక్ నట్లే వాడి, బిగించాక నట్టు మీదుగా బోల్టు దాకా రంగుతో ఒక గీత గీయండి. మొదటి పెద్ద గాలి తర్వాత స్తంభం దించి గీతలు చూడండి, ఏది జరిగితే అది వదులైనట్టు. మళ్లీ ఎత్తకముందు రెక్కల మొదళ్లు, తోక కీలు, స్టే వైర్ల క్లాంపులు ఒకసారి తడిమి చూసుకోండి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి ఇదే పని చేస్తే చాలు.